లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో మూడు రోజులు, అయిదు రకాల చేపలు: ముందు జాబితాలో సగం కొట్టేయండి

మీరు అడిగినది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీరు మినియాపొలిస్‌లో ఉంటారు. కొవ్వూరు నుంచి అమ్మానాన్నలు జూన్ మొదటి వారంలో వచ్చి అక్టోబరు దాకా ఉంటారు. నాన్నగారు చిన్నప్పటి నుంచి గోదావరిలో గాలం వేసిన మనిషి. జూలై 4 సెలవులకు ఆయన్ని మిన్నెసోటా, కెనడా సరిహద్దులోని లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సుకు తీసుకెళ్లి, పడవ అద్దెకు తీసుకుని మీరే నడుపుతూ వాలై, పైక్, మస్కీ, స్మాల్‌మౌత్ బాస్, స్టర్జన్ అన్నీ మూడు రోజుల్లో పట్టించాలని మీ ఆలోచన. ఒక రోజు కారులో, కెనడా మీదుగా వెళ్లాల్సిన నార్త్‌వెస్ట్ యాంగిల్ అనే మిన్నెసోటా తునకకు కూడా వెళ్లి వద్దామంటున్నారు.

పదిహేనేళ్లుగా ఏటా మూడు నాలుగుసార్లు ఆ సరస్సుకు వెళుతున్నవాడిగా నా జవాబు ఇది. తేదీ మార్చండి, పడవ మార్చండి, జాబితాలో సగం కొట్టేయండి. యాంగిల్ సంగతి వీసా కాగితాలు చూసుకున్నాకే మాట్లాడుకుందాం.

ముందు పడవ సంగతి, ఎందుకంటే మిగతావి తప్పితే చేపలే పోతాయి, ఇది తప్పితే మనుషులు పోతారు. మ్యాపులో చూసి సరస్సు అనుకుంటాం గానీ దీని విస్తీర్ణం సుమారు 4,350 చదరపు కిలోమీటర్లు. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. దానికి పద్నాలుగు రెట్లు. ఉత్తరాన ఒంటారియో వైపు 14 వేలకు పైగా దీవులున్నాయి. కానీ మీరు దిగబోయే దక్షిణ తీరం ముందున్న బిగ్ ట్రావర్స్ అనే భాగంలో దీవి లేదు, చెట్టు లేదు, గాలికి అడ్డమే లేదు. ఆ భాగంలో లోతు ఎక్కడా సుమారు 36 అడుగులకు మించదు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ అయిన నీళ్లలో అల పొడవుగా, నిదానంగా రాదు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతుంది. నా మొదటి ఏడు పదహారు అడుగుల అల్యూమినియం పడవ అద్దెకు తీసుకుని మిత్రుడితో కలిసి పొద్దున్నే నది వైపు నుంచి పెద్ద సరస్సులోకి తెరుచుకునే లైట్‌హౌస్ గ్యాప్ అనే సందు దాటి బయటికి వెళ్లాను. ఆరు గంటలకు నీళ్లు అద్దంలా ఉన్నాయి. పదకొండుకు వాయవ్య గాలి లేచింది. మూడు మైళ్లు వెనక్కి రావడానికి రెండు గంటలు పట్టింది. ఒకరు ఇంజను పట్టుకుంటే ఇంకొకరు డబ్బాతో నీళ్లు తోడుతూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డు చేరాం. పడవ అద్దెకిచ్చిన మనిషి ముందు రోజు గాలి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. అరవై దాటిన తల్లిదండ్రులతో అలాంటి పడవలో గ్యాప్ దాటవద్దు. చార్టర్ పడవ మాట్లాడుకోండి. ఆరుగురు కూర్చునే పెద్ద పడవ, లైసెన్సున్న కెప్టెన్, రాడ్లు, ఎర అన్నీ వాళ్లవే. ఖర్చు ఎక్కువే. కానీ కెప్టెన్ ‘ఈ రోజు బయటికి వెళ్లడం లేదు’ అన్నాడంటే ఆ మాటకే ఆ డబ్బు చెల్లిపోతుంది.

ఇక తేదీ. ఈ సరస్సులో వాలై ఎక్కడుందో తెలియాలంటే రెండు సంగతులు చూడాలి: దాని కన్ను, దాని తిండి. వాలై అనే పేరే కంటిని బట్టి వచ్చింది. పిల్లి కంటిలో ఉన్నట్టు దీని కంటి వెనక కూడా వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే మసక వెలుతురులో తన ఆహారం కంటే తనకే బాగా కనిపిస్తుంది. తేటనీళ్ల సరస్సుల్లో అయితే ఇది సందెవేళ, రాత్రిళ్లు తింటుంది. ఇక్కడ నీళ్లు చుట్టుపక్కల చిత్తడి నేలల నుంచి ఊరి పలుచని టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. అందువల్ల మిట్టమధ్యాహ్నం కూడా ఎర అందుకుంటుంది. సన్నగా అలలు రేగితే ఇంకా మంచిది, వెలుతురు లోపలికి దిగదు. బంగారు, గులాబి, నారింజ రంగు జిగ్‌లు (బరువైన తల ఉన్న గాలాలు) ఇక్కడ అంతగా నడవడానికి కారణం కూడా ఈ నీటి రంగే. మీరు కొనుక్కున్నానని చెప్పిన వెండి, నీలం రంగుల జిగ్‌ల పెట్టె వేరే సరస్సుకు దాచుకోండి.

తిండి అంటే ప్రధానంగా ఎమరాల్డ్ షైనర్ అనే చిన్న చేప, వేలెడంత ఉంటుంది. ఇది ఎటు వెళితే వాలై అటు. చలికాలం చివర వాలై గుడ్లు పెట్టడానికి, సరస్సులో కలిసే సరిహద్దు నది రెయినీ వైపు చేరుతుంది. మంచు విడిచాక, నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండగా ఆ పని అవుతుంది. మే నడుమ సీజన్ తెరిచేసరికి ఒళ్లు తేలికైన చేపలు ఫోర్ మైల్ బే, లైట్‌హౌస్ గ్యాప్, పైన్ ఐలాండ్ పొడవునా లోతు తక్కువ నీళ్లలో ఉంటాయి. లంగరు వేసి, జిగ్‌కు గడ్డకట్టించిన షైనర్ గుచ్చి, అడుగుకు తాకించి అరడుగు లేపి ఆపడమే. పట్టువిడుపు తెలిసిన చేయి అయితే చాలు, ఇంకే విద్యా అక్కర్లేదు. గోదావరిలో గాలం వేసిన వాళ్లు దీన్ని పావుగంటలో పట్టేస్తారు. యూట్యూబ్ చూసి వచ్చిన వాళ్లకు ఒక పూట పడుతుంది.

జూన్ నడిమికి చేపలు నెమ్మదిగా లోపలికి జరుగుతాయి, కానీ లంగరు, జిగ్ పద్ధతి ఇంకా సాగుతుంది. జూన్ చివర్లో, జూలై మొదట్లో మేఫ్లైలు లేస్తాయి. తొలకరికి మన ఊళ్లలో దీపం చుట్టూ ఉసిళ్లు మూగడం తలుచుకోండి, అదే దృశ్యం. అవి రెక్కలు రాకముందు బురదలో పురుగులుగా ఉంటాయి, పైకి లేచే ఆ రోజుల్లో వాలైకి నోరు తెరిస్తే చాలు తిండి. కడుపు నిండిన చేప మీ షైనర్‌ను చూసి కూడా పట్టించుకోదు. మీరు ఎంచుకున్న తేదీ సరిగ్గా ఇక్కడ పడింది. ఆ వారంలో అసలు చేపలే దొరకవని కాదు, నేనూ పట్టాను. కానీ దూరం నుంచి వచ్చిన పెద్దాయనకు మూడే రోజులున్నప్పుడు ఆ జూదం ఎందుకు?

జూలై, ఆగస్టుల్లో చేపలు నడిసరస్సులో 28, 32 అడుగుల లోతు బురద మీద పరుచుకుంటాయి. అప్పుడు స్పిన్నర్ (నీళ్లలో తిరిగే మెరుపు రేకు) వెనక పెద్ద వానపామును గుచ్చి గాలివాటున లాగడం, ఆగస్టుకు క్రాంక్‌బెయిట్లు (చేప ఆకారపు బొమ్మ ఎరలు) కట్టి పడవ నడుపుతూ మైళ్లకొద్దీ వెతకడం. ఫలితం బాగానే ఉంటుంది. నాకు మాత్రం విసుగు. రాడ్ గూట్లో ఉంటుంది, మనిషి కుర్చీలో ఉంటాడు, ఇంజను చేపలు పడుతుంది. మీ నాన్నగారి లాంటి వారికి చేతిలో గాలం ఉంటేనే తృప్తి.

నా మనసుకు నచ్చిన కాలం సెప్టెంబరు చివర. నీళ్లు చల్లబడేసరికి షైనర్లు గుంపులు గుంపులుగా నది వైపు తిరుగుతాయి, వాలై వాటి వెనకే గ్యాప్ ముందుకు, నదిలోకి వస్తుంది. మళ్లీ లంగరు, మళ్లీ జిగ్. దోమలు ఉండవు, రద్దీ ఉండదు, బర్చి చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఉదయం చలి కొరుకుతుంది, అమ్మగారికి శాలువా కాదు, సరైన కోటు కావాలి. మీ తల్లిదండ్రులు అక్టోబరు దాకా ఉంటారు కనుక రెండు ప్రయాణాలు పెట్టుకోవచ్చు: జూన్ రెండో, మూడో వారంలో ఒకటి, సెప్టెంబరు చివర ఒకటి. రెండూ పనిదినాల్లోనే. మినియాపొలిస్ నుంచి సరస్సు దక్షిణాన ఉన్న బాడెట్ ఊరికి సుమారు 5 గంటల దారి. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరితే ఊళ్లోకి వచ్చేవాళ్లు తక్కువ, పోయేవాళ్లు ఎక్కువ. ఊరి దగ్గర 1959లో కట్టిన 40 అడుగుల వాలై బొమ్మ ఉంది. ఫొటో తీసుకోకుండా ఎవరూ కదలరు, మీరూ కదలలేరు.

ఇప్పుడు జాబితా. స్టర్జన్ ఈ సరస్సులో, రెయినీ నదిలో ఉండటమే ఒక అద్భుతం. 19వ శతాబ్దం చివర్లో గుడ్ల కోసం వాణిజ్యపు వలలు దాన్ని దాదాపు తుడిచిపెట్టాయి, ఆ తరువాత కాగితపు మిల్లుల మురికి నదిని పాడుచేసింది. 1972 నాటి స్వచ్ఛ జలాల చట్టం వచ్చాక నీళ్లు తేటపడి, చేప మెల్లగా తేరుకుంది. మెల్లగా అంటే నిజంగా మెల్లగా: ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికే ఇరవై ఏళ్లు దాటాలి. అందుకే నిబంధనలు అంత గట్టిగా ఉన్నాయి. మే 16 నుంచి జూన్ 30 దాకా దాని జోలికే పోకూడదు. ఉంచుకోవాలంటే ముందే ట్యాగు కొనాలి, ఏడాదికి ఒక్కటే, అదీ 45 నుంచి 50 అంగుళాల మధ్య ఉండాలి, లేదా 75 అంగుళాలు దాటాలి. దాన్ని పట్టాల్సిన కాలం ఏప్రిల్ చివర, మే మొదట్లో: నదిలో లంగరు వేసి, బరువైన సీసం కట్టి, గాలం నిండా వానపాములు గుచ్చి, చలిలో కదలకుండా కూర్చోవడం. మీ అమ్మానాన్నలు వచ్చేసరికి ఆ కాలం దాటిపోతుంది. వచ్చే ఏడు మీరొక్కరే వెళ్లి చూడండి. అయిదడుగుల చేప నది అడుగున తిరగబడితే మోచేతులు రెండు రోజులు నొప్పి పెడతాయి.

మస్కీని కూడా కొట్టేయండి. అది దీవుల మధ్య, రాళ్ల మధ్య ఉండే చేప. పెద్ద ఎరను రోజంతా విసురుతూ ఉండాలి, రెండు రోజులకు ఒకటి వెంటపడి వచ్చి చూసి వెనక్కి వెళ్లిపోతుంది. అది వేరే పిచ్చి, దాని భక్తులు వేరు.

మిగిలినవి వాలై, సాగర్, పైక్, పెర్చ్, స్మాల్‌మౌత్ బాస్. పేరు వినగానే మనకు నాగార్జునసాగర్ గుర్తొస్తుంది గానీ, ఈ సాగర్ వాలైకి చెల్లెలి వరస. గుర్తు పట్టడం నేర్చుకోండి, ఎందుకంటే లెక్కలో తేడా ఉంది: వాలై తోక కింది కొస తెల్లగా ఉంటుంది, వీపు మీది మొదటి రెక్క చివర నల్లటి మచ్చ ఉంటుంది. సాగర్‌కు తోక కొసన ఆ తెలుపు ఉండదు, వీపు రెక్క నిండా చుక్కలుంటాయి. రెండూ కలిపి మనిషికి ఆరు, అందులో వాలై నాలుగుకు మించకూడదు. 19.5 నుంచి 28 అంగుళాల మధ్య వాలైని వెంటనే వదిలేయాలి, 28 దాటినది ఒక్కటి ఉంచుకోవచ్చు. పైక్ మనిషికి మూడు. 30 నుంచి 40 అంగుళాల మధ్యవి వదిలేయాలి, 40 దాటినది ఒక్కటే. నిబంధనలు మారుతుంటాయి, వెళ్లే ముందు ఆ ఏటి సహజ వనరుల శాఖ పుస్తకం చూసుకోండి.

మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఆరు అంటే రోజుకు ఆరు, మూడు రోజులకు పద్దెనిమిది అని లెక్కవేసి మూడు ఐసు పెట్టెలతో వస్తారు. అలా కాదు. మీ దగ్గర ఉండదగినవి మొత్తం ఆరు, ఇంట్లో ఫ్రీజరులో ఉన్నవి కూడా కలుపుకుని. నిన్నటివి తింటేనే నేటికి చోటు. పైగా 30 అడుగులు దాటిన లోతు నుంచి లాగిన చేపను వదిలినా బతకడం కష్టం. పొట్టలోని గాలి తిత్తి ఉబ్బి తేలిపోతుంది. అందుకే లోతు నీళ్లలో సరిపడా చేపలు దొరికాక ‘సరదాకి’ పట్టి వదలడం నేను మానేశాను. ఇదంతా చాదస్తం అనిపిస్తే పక్కనే ఉన్న రెడ్ లేక్ సంగతి చూడండి. 1990లలో విపరీతంగా పట్టి వాలైని ఊడ్చేశారు. 1999లో వాలై వేట పూర్తిగా ఆపేసి, రెడ్ లేక్ ఆదివాసీ నేషన్, రాష్ట్రం కలిసి పిల్ల చేపలు వదిలి, 2006లో గానీ మళ్లీ తెరవలేదు.

లైసెన్సు ముచ్చట త్వరగా ముగిస్తాను. మీరు మిన్నెసోటాలో 60 రోజులుగా నివాసం ఉంటే స్థానికుల ధరకే దొరుకుతుంది. అమ్మానాన్నలు స్థానికేతరులు, వారికి 24 గంటలు, 72 గంటలు, 7 రోజుల లైసెన్సులున్నాయి. అమ్మగారు రాడ్ పట్టుకోకుండా కూర్చుంటే లైసెన్సు అక్కర్లేదు, కానీ పక్కవాళ్లకు పడుతుంటే ఎవరూ ఊరికే కూర్చోరు. కొనేయండి.

యాంగిల్ గురించి. 1783 పారిస్ ఒప్పందం రాసినవాళ్లు తప్పుడు మ్యాపు చూసి గీసిన సరిహద్దు వల్ల, కెనడాకు అతుక్కుని మిన్నెసోటాకు చెందిన తునక అది. సరస్సు ఒడ్డునున్న వారోడ్ ఊరి నుంచి కారులో వెళితే మానిటోబా మీదుగా ఓ 60 మైళ్లు పోవాలి. భారత పాస్‌పోర్టుతో అంటే కెనడా వీసా తప్పనిసరి. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు మీ హెచ్-1బి ముద్ర, తల్లిదండ్రుల వీసాల సంగతి కూడా చూసుకోవాలి. ముద్ర గడువు తీరిన మిత్రుడొకడు ‘అక్కడ కూడా అమెరికానే కదా’ అంటూ బయలుదేరబోతే నేనే కారు తాళం లాక్కున్నాను. మీ ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడకుండా ఆ రోడ్డు ఎక్కవద్దు. మిన్నెసోటా నీళ్లు దాటకుండా సరస్సు మీదుగా పడవలో తీసుకెళ్లే వాళ్లున్నారు, ఆ దారిలో సరిహద్దు అడ్డురాదు. కోవిడ్ కాలంలో సరిహద్దు మూసినప్పుడు, 2021 చలికాలంలో అక్కడి రిసార్టులవాళ్లు మంచు గడ్డ మీదే రోడ్డు వేసి అతిథులను రప్పించుకున్నారు కూడా. చేపలు పట్టేటప్పుడు సైతం జీపీఎస్‌లో గీత చూసుకోండి. నదిలో సరిహద్దు నడుమన పోతుంది. అవతలి సగం ఒంటారియోది, అక్కడ మీ మిన్నెసోటా లైసెన్సు చిత్తు కాగితం.

చలికాలం మీరు అడగలేదు. కానీ జనవరిలో ఒంటరిగా దిగులు పడే బదులు ఒకసారి వెళ్లి చూడమంటాను. మంచు అడుగు దాటి, రెండడుగులకు మందం కట్టాక రిసార్టులు దానిపై రోడ్లు వేసి, పగుళ్ల మీద చిన్న వంతెనలు పరిచి, వేడి చేసిన చిన్న గదుల్లో కూర్చోబెడతాయి. నేలలో రంధ్రాలు, పక్కన పొయ్యి. మంచు మీద మనిషికి రెండు గాలాలు వేయవచ్చు: ఒకటి చేత్తో ఆడిస్తూ, రెండోది బెండు కట్టి కదలకుండా. ఆడించేది చేపను పిలుస్తుంది, కదలనిది దాన్ని పడుతుంది. సొంతంగా నడిచి వెళ్లాలంటే గట్టి కొత్త మంచు 4 అంగుళాలైనా ఉండాలి. మొదటిసారి మాత్రం రిసార్టు వాళ్లతోనే. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో అడిగి మరీ చూసుకోండి.

వాలైతో పులుసు పెట్టవచ్చా అని అమ్మగారు అడిగారన్నారు. వాలై మాంసం తెల్లగా, తేలికగా పొరలు విడిపోతుంది, కొరమీనులా పులుసులో నిలబడదు, మూత తీసేసరికి కరిగి గుజ్జయిపోతుంది. వేపుడుకే పెట్టుకోండి, కారం, పసుపు, ఉప్పు, కొంచెం బియ్యప్పిండి, అంతే. పులుసుకు పైక్ బాగుంటుంది. గట్టి ముక్క, చింతపండును తట్టుకుంటుంది. దానికి వీపు పొడవునా రెండుగా చీలిన ముళ్ల వరుస ఉంటుంది. పులస తిని పెరిగిన వాళ్లకు అదొక లెక్క కాదు, పిల్లలకు మాత్రం తీసి పెట్టండి. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ, కాబట్టి గర్భిణులకు, పిల్లలకు చిన్న చేపలే, అదీ మితంగా. రిసార్టులో కోసిచ్చే మనిషి ముక్క మీద అంగుళం చర్మం వదులుతాడు. అది బద్ధకం కాదు, ఏ చేపో అధికారి గుర్తు పట్టడానికి చట్టం అడిగిన చర్మం. ఇంటికి చేరేదాకా గీకకండి.

కాబట్టి జూన్‌కు నా ఏర్పాటు ఇది. మొదటి రోజు చార్టర్‌లో వాలై, సాగర్. రెండో రోజు గాలి చూసి, మీరు కోరుకున్న అద్దె పడవ తీసుకోండి, కానీ నది విడిచి బయటికి రావద్దు. అక్కడ అల లేవదు, ఒడ్డు ఎప్పుడూ కనిపిస్తుంది, పెర్చ్, పైక్, స్మాల్‌మౌత్, అదృష్టం ఉంటే వాలై ఒకే పూటలో పడతాయి. మీరు కోరుకున్న రకరకాల చేపలు నిజానికి ఆ నదిలోనే ఉన్నాయి. మూడో రోజు ఖాళీగా ఉంచండి, గాలి మొదటి రోజును మింగేస్తే చార్టర్‌ను దానికి జరుపుకోవచ్చు. లైఫ్ జాకెట్లు కూర్చునే సీటు కింద కాదు, ఒంటి మీద. పడవ ఒడ్డుకు లాగాక అడుగున ఉన్న బిరడా తీసి నీళ్లన్నీ వదిలేయండి, మిగిలిన ఎరను సరస్సులో పారబోయకండి. జీబ్రా మసెల్స్ (చిన్న ఆల్చిప్పలు) లాంటివి ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు ఇలాగే పాకుతున్నాయి, అందుకే అక్కడ అది చట్టం.

నాన్నగారు తన వెదురు గాలం కర్ర తెచ్చుకోవచ్చా అని చివర అడిగారు. విమానంలో కర్రతో తిప్పలెందుకు, తోట సామాన్ల దుకాణంలో ఇక్కడే వెదురు దొరుకుతుంది. ఆయన చేతికి అలవాటైన దారం, గాలాలు తెచ్చుకుంటే చాలు, బెండుకు సీసా బిరడా సరిపోతుంది. సాయంత్రం రిసార్టు వెనక నది మీది చెక్క వంతెన చివర కుర్చీ వేసి, సగం షైనర్ గుచ్చి ఇవ్వండి. ఒకటే షరతు: ఆ కర్ర నీళ్లలో ఉన్నంతసేపూ ఆయన పేరు మీద పక్కన మరో రాడ్ వేయకండి. మంచు లేని కాలంలో మనిషికి ఒక్క గాలమే.